మా ఇంటి గుట్టూ, ఇంగ్లీషు నోటుబుక్కూ

ఆ కాలంలో పటమటలో ఇంగ్లీషు నేర్చుకోవడమంటే వరదలో కృష్ణ ఈదడమే. అవతలి ఒడ్డు చేరినవాణ్ణి చూడ్డానికి జనం బళ్లు కట్టుకుని వచ్చేవారు. నేను ఏడో తరగతి. మా ఇంగ్లీషు మాస్టారికి మేం పెట్టుకున్న పేరు ‘పదిమాటల మాస్టారు’. రోజూ బోర్డు మీద పది మాటలు రాసేవారు. మర్నాటికి ఒక్కో మాటా ఐదుసార్లు స్పెల్లింగు, పక్కన అర్థం, కింద ఆ మాటతో ఒక సొంత వాక్యం రాసుకురావాలి. ఆ సొంత వాక్యం దగ్గరే మా ప్రాణాలు పోయేవి. గైడులోంచి ఎత్తి రాస్తే మూడు వీధుల అవతలే వాసన పట్టేవారాయన. “గైడు మీ ఇంట్లో అన్నం తింటోందంట్రా? మీ ఇంట్లో జరిగేది రాయి, అప్పుడే ఆ మాట నీదవుద్ది” అనేవారు.

రాశాను. మా ఇల్లు తవ్వినకొద్దీ దొరికే గని. ‘హైడ్’ వస్తే, నాన్న రోజూ సాయంత్రం డజను మిరపకాయ బజ్జీలు తిని ఆ సంగతి అమ్మ దగ్గర దాస్తాడని రాశాను. ‘సఫర్’ వస్తే, మేనత్త ఉత్తరం అందగానే అమ్మ తలనొప్పితో బాధపడుతుందని రాశాను. ఎర్రసిరాతో ‘గుడ్’ పడేది. (మాస్టారు స్పెల్లింగు తప్ప సంగతి చూడరని నా గట్టి నమ్మకం. నలభైమంది, తలా పది వాక్యాలు, మనిషన్నవాడు చదవగలడా?)

చదివేవారు. పైగా మహా మంచి మనిషి. ఒకరోజు కూరగాయల బజారులో అమ్మానాన్నలు కనిపిస్తే, “బజ్జీలు తగ్గించండి సార్, ఈ వయసులో అంత నూనె మంచిది కాదు. అమ్మా, ఈసారి మీ ఆడపడుచు ఉత్తరం రాగానే శొంఠి గంధం పట్టు వేసి చూడండి” అన్నారట.

ఆ పూటతో మా ఇల్లు పోలీసు స్టేషనైంది. “మన కొంపలో మాట ఆయన చెవినెట్టా పడింది?” అన్నాడు నాన్న. అమ్మ వేలు సరాసరి పెరటి గోడవైపు చూపించింది. గోడకవతల పిన్నిగారు ఉండేవారు. చర్చిలో పాటలు పాడేవారు. మాస్టారి భార్యా అక్కడే పాడేవారు. “పక్కపక్కనే నిలబడతారండీ. పాటకీ పాటకీ మధ్య మన బాగోతమే!” అంది అమ్మ. పదేళ్లుగా గోడ మీదుగా నడుస్తున్న గిన్నెల రాకపోకలు ఆ రోజే ఆగిపోయాయి.

నాన్నకు సాక్ష్యం కావాలి. గోడ దగ్గర నిలబడి, బెంజి సర్కిల్ దాకా వినబడేలా, “వచ్చే నెల భవానీపురం మారిపోతన్నాం!” అని ఒక అబద్ధం వదిలాడు. అది వల అని నాకెవరు చెప్పారు? ఆ రోజు మాటల్లో ‘షిఫ్ట్’ ఉంది. రాసేశాను. మర్నాటి సాయంత్రం మాస్టారు గేటు దగ్గర సైకిలు ఆపి, “భవానీపురం వెళ్లిపోతన్నారంటగా! మంచి పిల్లాడండీ, బాధగా ఉంది” అన్నారు. నాన్న అమ్మను చూశాడు. అమ్మ గోడను చూసింది.

ఆ పక్క రోజే పిన్నిగారు రొయ్యల ఇగురు గిన్నెతో గుమ్మంలోకి వచ్చారు. “అక్కా, నావల్ల తప్పేమన్నా జరిగిందా?”

“మాకేం తెలుసమ్మా. మా సంగతులన్నీ మీకేగా తెలుసు” అని అమ్మ తలుపు వేసేసింది.

తలుపు వెనకాల నోటుబుక్కుతో నిలబడ్డ నాకు అప్పుడు వెలిగింది. కిటికీలోంచి చూస్తే ఆవిడ కొంగుతో కళ్లు తుడుచుకుంటూ గిన్నె వెనక్కి తీసుకెళ్తున్నారు. ఆ పూట నాకు అన్నం సయించలేదు (మూడో వడ్డన). నోరు విప్పితే నాన్న చేతి వేళ్లు నా వీపు మీద అచ్చు పడతాయి. విప్పకపోతే పిన్నిగారు మాకిక లేనట్టే. చివరికి నాకు చేతనైన పనే చేశాను. ఆ రోజిచ్చిన పది మాటలతో పది వాక్యాలు రాశాను.

మాస్టారు ఆ పేజీలో ‘గుడ్’ పెట్టలేదు. బడి వదలగానే నన్ను సైకిలెక్కించుకుని వచ్చి, పిన్నిగారిని కూడా మా వరండాలోకి పిలిచి, తెలుగులో చదివారు. “మా అమ్మ పక్కింటి పిన్నిగారిని అనుమానిస్తోంది. ఆవిడ ఏ పాపమూ ఎరగదు. ఇంటి మాటలు మోసినవాణ్ణి నేను. నాన్నతో చెప్పడానికి నాకు ధైర్యం లేదు…”

నాన్న చెయ్యి సగం లేచి ఆగింది. అమ్మ వెళ్లి పిన్నిగారి చెయ్యి పట్టుకుంది. “ఏమనుకోకు చెల్లీ, నాదే తప్పు.”

పిన్నిగారు ఏడుస్తూనే నవ్వారు. ఉన్నట్టుండి నవ్వు ఆపి మాస్టారి చేతిలో పుస్తకం లాక్కున్నారు. “ఉండక్కా. మావేమన్నా రాశాడేమో!” (రాశాను. ఏడు పేజీలు.) ఒక వాక్యం దగ్గర ఆవిడ వేలు ఆగింది, మాస్టారు దాన్నీ తెలుగులో చదివారు. “ఓరి నీ! మా ఆయన సిగరెట్లు బియ్యం డబ్బాలోనా!” అంటూ ఇంటివైపు పరుగెత్తారు.

ఇప్పుడు నేను వయసొచ్చిన మనిషిని, పత్రికలకు రాసుకుంటాను. నేను గదిలోకి వస్తే మా ఆవిడ ఫోనులో గొంతు తగ్గిస్తుంది. మొన్న పటమట వెళ్లినప్పుడు పిన్నిగారు కాఫీ ఇచ్చి, ఎదురుగా కూర్చుని, ముందుగా నా చొక్కా జేబులోంచి పెన్ను తీసి టీవీ పక్కన పెట్టారు. తర్వాత నా సెల్‌ఫోను కూడా.

“ఇప్పుడు చెప్పు నాయనా,” అన్నారు, “ఇంట్లో అందరూ కులాసానా?”