తాడిపత్రిలో గాలి కోసం వదిలిన జాగా

హైదరాబాద్‌లో నేనొక్కదాన్నే ఉండే ఫ్లాట్‌కు గాలి వచ్చేది ఒక్క పడమటి కిటికీలోంచే. ఈ వేసవిలో దానికి అడ్డంగా పక్క అపార్ట్‌మెంట్ గోడ లేచింది. అప్పట్నుంచి ఇంట్లో ఏసీ మోత తప్ప ఇంకో చప్పుడు లేదు. మా బడిలో పనిచేసే తాడిపత్రి టీచరు ఒకరోజు, వాళ్ల వీధి మొదట్లో ఒకామె గాలి కోసమే జాగా ఖాళీగా వదిలేసిందని చెప్పింది. చూడాలనిపించింది.

ఆషాఢంలో ఒక శనివారం రాత్రి రైలెక్కి, ఆదివారం పొద్దున అనంతపురంలో దిగి తాడిపత్రి బస్సెక్కాను. ప్రయాణం గంటన్నర, ఖర్చూ తక్కువే. వాన కోసం దున్ని వదిలిన ఎర్రచేలు దాటాక బండల గుట్టలు మొదలయ్యాయి. బస్టాండు దగ్గర ఆటో ఎక్కగానే డ్రైవరు, "మూతికి గుడ్డ కట్టుకో అక్కా, బండల పాలిష్ పొడి గొంతులో పడ్తాది," అన్నాడు. ఆటో ముందు తిరిగిన వీధికి పడమర మూడంతస్తుల భవనం అడ్డంగా ఉంది. అక్కడ ఆకు కదల్లేదు. తులసి మొక్క మీద కూడా తెల్లటి పొడి. పక్క వీధిలోకి తిరగ్గానే గాలి రివ్వున తగిలింది.

ఆ వీధి మొదట్లో, పడమటి వైపు ఖాళీ జాగాలో టీచరు చెప్పిన ఆమె, రూతమ్మ, మంచం మీద ఒక్కతే కూర్చుని ఉంది. "మా ఇంటాయన పాలిష్ ఫ్యాక్టరీలో పని చేసి, ఆ పొడి పీల్చి రొమ్ము చెడగొట్టుకున్నాడు," అంది. "ఆఖర్న ఈడనే మంచం వేయించుకున్నాడు. ఈ గాలికే ఊపిరాడతాండాదే అనేవాడు."

మేం మాట్లాడుతుండగానే ఆ జాగా కొంటానని తిరుగుతున్న వ్యాపారి వచ్చాడు.

"ఏమక్కా, షాపులు వస్తే వీధికే రేటు వస్తాది. అందరూ సరే అన్నారు, నువ్వొక్కదానివే."

"అందరూ అంటే వాళ్లవి అమ్ముకోమను. ఇది అమ్మనప్పా."

"ఒట్టి బయలు పెట్టుకుని ఏం చేస్తావు?"

"ఈడ గోడ లేస్తే గాలి యాడ నుంచి రావల్ల? పొడంతా ఇండ్లల్లోనే నిలుస్తాది. పో నాయనా."

అతను విసురుగా వెళ్లిపోయాడు. ఆమెకు తోడుగా ఒక్క మాట అనడానికి ఒక్కరూ బయటికి రాలేదు. వీధిలో తలుపులు మాత్రం ఆ గాలికి అన్నీ బార్లా తెరిచే ఉన్నాయి. "అమ్మనన్నప్పట్నుంచి నాతో ఎవరూ మాట్లాడరులే," అంది రూతమ్మ, కొంగు సర్దుకుంటూ.

తిరుగు బస్సులో చాలాసేపు ఆ తలుపులే కళ్లముందు మెదిలాయి. ఊరు చల్లబడాలంటే ఎక్కడో ఒకచోట ఎవరో ఒకరు కట్టకుండా ఉండాలి. అలా ఉండిపోయిన మనిషి ఎంత ఒంటరో నాకు ఆ రోజే తెలిసింది. వెళ్లేవాళ్లు ఆషాఢ, శ్రావణాల్లో మధ్యాహ్నం పూట వెళ్లండి, గాలి బాగా తెలుస్తుంది. ఫొటో తీసుకుని వచ్చేయకండి. రూతమ్మ దగ్గర కాసేపు కూర్చుని రండి.