ఎడమవైపు వెనక చక్రం

తాతబాబు కుడిచేతికి మూడు వేళ్లే. పోర్టులో ముడి ఇనుము లారీలకు టైర్లు బిగించే రోజుల్లో టైరును పట్టి ఉంచే ఇనప లాకు రింగు ఎగిరి తగిలి మిగతా రెండూ పోయాయి. తరువాత సబ్బవరం రోడ్డులో రేకుల షెడ్డు వేసుకుని కార్ల చక్రాలు చూసేవాడు. ఆ చేతిని టైరు చుట్టూ ఒకసారి ఇటు, ఒకసారి అటు నిమిరితే గానీ మాట్లాడేవాడు కాదు.

నేనతని దగ్గరికి వెళ్లింది భయంతో. నా భార్య గౌరీశ్వరికి అప్పుడు వారానికి మూడుసార్లు డయాలసిస్, పొద్దున్న ఆరు గంటలకు. ఆరు దాటితే మంచం ఇంకొకరికి ఇచ్చేస్తారు. దువ్వాడ నుంచి చీకటితోనే బయలుదేరేవాళ్లం. ఆ డిసెంబరులో, పొలాల పక్కనున్న మా కాలనీలో మంచు కారు అద్దాల మీద నీళ్లై కారేది. వేగం అరవై దాటగానే స్టీరింగు నా చేతుల్లో వణికేది. పక్కన ఉక్కు చుట్టలు మోసుకుపోయే ట్రైలర్లు. నేను రెండు చేతులతో అదిమి పట్టుకుని, వెనక సీట్లో ఉన్న ఆమెకు తెలియకూడదని ఏవో కబుర్లు చెబుతుండేవాణ్ణి.

ఓ షాపులో ముందు చక్రాలకు రెండుసార్లు బ్యాలెన్సింగు చేశారు. మధ్యాహ్నం నడిపి చూస్తే వణుకు లేదు. మర్నాడు తెల్లవారుజామున మళ్లీ అదే వణుకు.

తాతబాబు విని నవ్వాడు.

“ఎండెక్కేక బండి తెచ్చి సలిరోగం సూడమంటే ఏటి సూత్తాను మాస్టారూ? రాత్రి ఎక్కడ పడుకుంటాది బండి?”

“ఇంటి ముందు, ఆరుబయట.”

“మజ్జిలో కదపరా?”

“ఆస్పత్రికి తప్ప ఎక్కడికీ వెళ్లం.”

“అదీ సంగతి. ఒకే కాడ నిలబడి, సలికి టైరు అడుగు గట్టిపడి సదునైపోద్ది. తిరిగి తిరిగి ఏడెక్కితే మళ్లీ గుండ్రంగా వత్తాది. అదేనని నాననుకుంతన్నాను. అయినా సూడకుండా సెప్పను. బుధవారం నానే వత్తాను.”

బుధవారం నాలుగున్నరకే తలకు తువ్వాలు చుట్టుకుని గేటు దగ్గర నిలబడ్డాడు. నా పక్కన కూర్చుని, బండి వణకగానే మూడు వేళ్లూ స్టీరింగు మీద ఆనించాడు.

“ఇది తాడు తెంపుకునే గేదేటి మాస్టారూ? వదులుగా పట్టి, అది సెప్పేది ఇనండి.”

కూర్మన్నపాలెం దాటాక వణుకు సన్నగిల్లింది. గాజువాక వచ్చేసరికి పోయింది.

“సూసేరా? ఏడెక్కింది. దీనికి భయం లేదు.”

నెల రోజుల్లో మొదటిసారిగా నా భుజాల బిగువు సడలింది. ఇంతలో అతను వెనక్కి తిరిగి, “మీకెలాగుందమ్మా?” అన్నాడు.

ఆ నెల రోజుల్లో నేను ఒక్కసారీ అడగని ప్రశ్న అది.

“నాకింకా కొడుతూనే ఉంది బాబూ” అంది గౌరీశ్వరి. “ఆయన చేతుల్లోది తగ్గాక నా నడుం కింద ఇంకోటి మిగులుతుంది. ఎడమవైపు. ఇంటికొచ్చేటప్పుడు కూడా.”

“నీకు తెలుసా?” అన్నాను.

“మీరు కబుర్లు మొదలెట్టిన రోజే తెలుసు. చెబితే ఇంకా కంగారుపడతారని ఊరుకున్నాను.”

తాతబాబు మొహంలో నవ్వు పోయింది. “పక్కకి తీసి ఆపండి.”

“ఐదున్నర కావస్తోంది. మంచం పోతుంది తాతబాబూ. ఆస్పత్రికెళ్లాక చూద్దాం.”

“ముందు సక్రమైతే సేతికి తగుల్తాది, ఎనకదైతే సీటుకి. ఆపండి మాస్టారూ!”

నా కాలు బ్రేకు మీదికి పోలేదు. ఏది ఎక్కువ ప్రమాదమో తేల్చుకోలేకపోయాను.

“ఆపండి” అంది గౌరీశ్వరి. “పోతే మంచమే కదా.”

నేను బండి పక్కకు తీసి ఆపి, ఫోను లైటు పట్టాను. అతను చక్రం పైకి లేపి, నిమురుతూ, లోపలివైపు ఒకచోట చెయ్యి ఆపాడు. బయటికి కనపడని చోట నిమ్మచెక్కంత ఉబ్బు. దాని మీద పగులు, పగుల్లోంచి టైరు లోపలి ఉక్కు తీగ.

“ఇయ్యాలో రేపో” అన్నాడు. అంతే.

ట్రైలరు వెళ్లినప్పుడల్లా జాకీ మీద కారు ఊగేది. గౌరీశ్వరి నా శాలువా కప్పుకుని రోడ్డు పక్క రాయి మీద కూర్చుంది. రెండేసి నిమిషాలకోసారి గట్టిగా టైము చెబుతోంది. స్టెపినీ బిగించడానికి పన్నెండు నిమిషాలు పట్టింది. ఆస్పత్రి మెట్లెక్కేసరికి ఆరు కావడానికి ఇంకా మూడు నిమిషాలున్నాయి.

ముందు టైర్ల వణుకు చలికాలమంతా ఉంటుందన్నాడు. “కూర్మన్నపాలెం దాటేక కూడా ఉంటే అప్పుడు కంగారుపడండి. సాయంకాలం బండిని ఓ జానెడు జరుపుతుండండి.”

కబుర్లు మానేశాను. కూర్మన్నపాలెం దాటగానే ఆమె “తగ్గిందా?” అనేది. “తగ్గింది. నీకు?” అనేవాణ్ణి. అలా ఇంకో చలికాలం కూడా వెళ్లింది. దాని చివర్లో గౌరీశ్వరి వెళ్లిపోయింది. ఆస్పత్రి మంచం మీద, నా చెయ్యి పట్టుకుని. రోడ్డు మీద కాదు.

పదకొండో రోజున తాతబాబు వచ్చాడు. లోపలికి రాకుండా ముందు కారు చుట్టూ తిరిగాడు.

“కదిపి ఎన్నాళ్లయినాది మాస్టారూ?”

అతను తాళం అడిగి తీసుకుని, బండిని జానెడు ముందుకు జరిపాడు. చక్రానికి అడ్డుగా ఉన్న ఇటుకను మళ్లీ సర్ది పెట్టి, చేతులు కడుక్కుని వచ్చి భోజనాల వరుసలో కూర్చున్నాడు.