కళ్లు తెరవని బసవన్నలు

పెనుకొండ కోట చూడడానికి టూరిస్టు బస్సులు కొత్తగా వస్తున్న రోజుల్లో మా నాయన బలపం రాయితో అరచేతిలో పట్టే బసవన్నలను చెక్కి అమ్మేవాడు. కొమ్ములు, మూపురం, మెడలో తాడు, ఆ తాడుకు ఎడమవైపు ఒక ముడి. ఆ ముడి ఆయన గుర్తు. కళ్లు మాత్రం పెట్టేవాడు కాదు. కన్ను తెరిస్తే అది దేవుడు, ఆ పూట నుంచి దీపం పెట్టాలి. ఎవరి అల్మారాలో కూర్చుంటుందో తెలియని బొమ్మకు కళ్లెలా తెరుస్తామని అనేవాడు. కొనడానికొచ్చినవాళ్లు అలిగి పోయినా సరే, ఉలి కదిలేది కాదు.

ఇప్పుడు నాయనకు చూపు ఆనదు. హిందూపురంలో టైలరింగు చేసుకునే నా దగ్గరే ఉంటున్నాడు. ఆ మధ్య జాకెట్టు గుడ్డల కోసం ధర్మవరం పోతూ ఆయన్నూ తీసుకుపోయాను. భోజనానికి ఒక కొత్త హోటల్లో ఆగాం. బిల్లు కట్టే బల్ల మీద మా బసవన్న! మూపురానికి విజిటింగు కార్డులు ఆనించారు, ముందర సోంపు గిన్నె. నాకు సంతోషం పట్టలేక నాయన చెయ్యి తీసి దాని మీద పెట్టాను. ఆయన వేళ్లు తాడు వెంట పోయి ముడి దగ్గర ఆగాయి. మొహం విప్పారింది. తర్వాత వేళ్లు పైకి జరిగి, కళ్ల చోట బిగుసుకుపోయాయి. మిషనుతో తొలిచిన రెండు గుంటలున్నాయి అక్కడ.

అడిగితే హోటలాయన గొప్పగా చెప్పాడు. పాత సామాన్ల అంగట్లో దొరికిందట.

"ఎవురో పని రానోడు సగంలో ఇడిసిపెట్టినాడక్కా. మేమే కండ్లు పెట్టించినాం."

పని రానోడట! ఎవరి ఎదుట నిలబడి అంటున్నాడో తెలుసా వాడికి? నా ఒళ్లు మండిపోయింది. నోటికొచ్చినట్టు తిట్టాను. నాయన నా మోచెయ్యి పట్టుకుని ఆపాడు.

"కండ్లు తెరిపిస్తివి సరే. దినామూ దీపం పెడతాండావా అబ్బా?"

అతను నవ్వాడు. ఏసీ హాలు, పొగకు గోడలు నల్లబడతాయట. పోనీ మాకిచ్చెయ్యమంటే, కస్టమర్లు దాంతో ఫోటోలు దిగుతున్నారు, ఇవ్వనన్నాడు. దీపానికి చోటు లేదు గానీ ఫోటోలకు ఉంది.

తిరుగు రైలు పెనుకొండ దాటింది. నాయన మెల్లగా అన్నాడు.

"తెరిచింది వాడైనా, చేసింది నేను గదమ్మా."

అప్పటి నుంచి ప్రతి సోమవారం పొద్దున బండికి ఇద్దరం ధర్మవరం పోతున్నాం. లోపల పెట్టనివ్వరు గనక, బల్లకు ఎదురుగా బయటి మెట్టు మీద ప్రమిద పెడతాడు. ఈ సోమవారం పోయేసరికి మెట్టు పక్కన కొత్త బోర్డు ఉంది. ఇక్కడ దీపాలు వెలిగించరాదు. నేను ఆగిపోవడం గమనించి, చేతికి తగిలిన బోర్డు తడిమి, ఏం రాసిండాదని నాయన అడిగాడు.

"చెప్పులు ఈడే ఇడిసి రావల్లంట నాయనా."

ఆయన చెప్పులు విడిచాడు. నేను అగ్గిపెట్టె చేతికిచ్చాను.