మెరిసిపోయిన విమానం ఇంజిన్

ఈరోజు నా పని పోయిందనే అనుకున్నా ఫ్రెండ్స్. మాది కొండపల్లి, ఇంట్లో అందరం బొమ్మలకి రంగులేస్తాం. గన్నవరం సార్ ఒకాయన పాతకాలం విమానాల మోడల్స్ చేస్తారు. వాటికి రెజిన్‌తో, అంటే గట్టి ప్లాస్టిక్ లాంటి దానితో పోసిన బుల్లి ఇంజిన్లు విడిగా తెప్పించుకుంటారు. ఒక్కోటి రూపాయి బిళ్ళంత ఉంటది, దాని మీద వెంట్రుకంత సన్న గీతలు. పోయిన వారం ఒకటిచ్చి రంగెయ్యమన్నారు, బాగుంటే రెండోది కూడా నాకే అన్నారు.

నేనేమో మా బొమ్మలకి కొట్టినట్టే చివర్లో వార్నిష్ కొట్టేశా. తళతళా మెరిసింది గానీ గీతలన్నీ పూడిపోయాయి.

ఇవాళ సార్ వచ్చి చూశారు. "ఏంటి బాబూ, ఇది ఇంజినా, పెళ్ళికూతురా?"

మా అమ్మ "మెరుస్తా బానే ఉంది కదండీ" అంది.

"ఎగిరొచ్చిన ఇంజిన్ మెరవదమ్మా. మసి పట్టుద్ది, ఆయిల్ కారుద్ది" అన్నారు సార్.

ఆయన వెళ్ళబోతుంటే ఎట్టా వచ్చిందో ధైర్యం, "ఆ రెండోది ఇవ్వండి సార్, బాగా మసి పట్టిస్తా" అనేశా. ఆయన నవ్వేసి నా చేతిలో పెట్టారు!

ఇప్పుడు నాకు మురికి కావాలి. మీ ఇంట్లో పాత బండుంటే ఇంజిన్ ఫోటో పెట్టండి. ప్లీజ్, కడిగి మాత్రం తీయొద్దు.