గౌరమ్మకు తెలిసినదీ, నూకమ్మకు తెలియనిదీ

2013 వేసవిలో నేను శ్రీకాకుళంలో మత్స్యశాఖ అభివృద్ధి అధికారిని. తీరంలోని ఒక ఊళ్లో చేపలమ్ముకునే ఆడవాళ్ల సహకార సంఘానికి అధ్యక్షురాలి ఎన్నిక జరిపించే పని నాకు అప్పగించారు. సంఘ సభ్యులు ముందు పాలకవర్గాన్ని ఎన్నుకుంటారు. ఆ పాలకవర్గం తమలో ఒకరిని రహస్య ఓటుతో అధ్యక్షురాలిని చేస్తుంది. ఎన్నికల అధికారికి ఓటుండదు, అభిప్రాయమూ ఉండకూడదు. నాకు మాత్రం ఉండేది.

ఆ ఏడు వాళ్లకొక గండం వచ్చిపడింది. అరసవల్లి దారిలో వాళ్లు గంపలు దించుకునే చోటును రోడ్డు వెడల్పు కోసం ఖాళీ చేయించి, పట్నం చివరికి పంపాలని అధికారులు తలపెట్టారు. అంత దూరం కొనేవాళ్లు రారు. మధ్యాహ్నానికి చేప పాడవుతుంది, ఆ పూట ఇంట్లో పొయ్యి వెలగదు.

పోటీలో ఇద్దరు. గౌరమ్మ అంతకుముందు రెండుసార్లు అధ్యక్షురాలు. ఏ పని ఏ బల్ల దగ్గర అవుతుందో ఆమెకు కరతలామలకం. పట్నం చివరి చోటుకే ఒప్పుకుని, అక్కడ నీళ్ల కుళాయి సాధిద్దామన్నది ఆమె మాట. నూకమ్మ ఆఫీసు గుమ్మం తొక్కి ఎరగదు. ఉన్న చోటు వదలనంటుంది, అంతే. గౌరమ్మే గెలవాలని నా మనసు. ఆపద వేళ కొత్తవాళ్ల చేతికి తెడ్డు ఇస్తారా ఎవరైనా?

ఓటుకు ముందు పాలకవర్గంలోని ఒక ముసలావిడ తేల్చి చెప్పింది. "గౌరికి ఆపీసులన్నీ తెలుసు. ఏటి అడిగితే ఇవ్వరో అదీ తెలుసు. అందుకే అడగదు. ఈ నూకికి ఏటీ తెల్దు, అడిగేస్తాది."

గౌరమ్మ ముఖం మాడిపోయింది. నాకూ చిర్రెత్తుకొచ్చింది. నూకమ్మ ఒక్క ఓటు తేడాతో గెలిచింది.

మరుసటి వారం నూకమ్మ మునిసిపల్ కమిషనర్ దగ్గరికి వెళ్తే, శాఖ తరఫున నేనూ వెళ్లాను. పిలవకపోయినా గౌరమ్మ కూడా వచ్చింది. నూకమ్మ తిన్నగా, ఉన్నచోటే ఉంచి పైన రేకులు కూడా వేయించమంది. ఉట్టికెగరలేనమ్మ స్వర్గానికెగిరినట్టుందని నేను తల దించుకున్నాను. ఆయన మాత్రం నవ్వి, రేకుల మాట ఎలా ఉన్నా, రోడ్డుకు వెనకనున్న ఖాళీ జాగా ఇవ్వచ్చేమో చూద్దామన్నాడు. నూకమ్మ పొంగిపోయి, దణ్ణం పెట్టి లేచింది. గౌరమ్మ ఆమె చెంగు పట్టి లాగింది.

"కూకోయే. సూద్దామంటే లేదన్నట్టే. కాయితం మీద రాసిచ్చినదాకా లెగకు."

ఇద్దరూ కూర్చున్నారు. ఆయన కాసేపు విసుక్కుని, గుమాస్తాను పిలిచి, చివరికి రాయించి సంతకం పెట్టాడు. రేకులు రాలేదు గానీ చోటు దక్కింది.

ఓడిపోయి కూడా ఎందుకొచ్చావని బయట గౌరమ్మని అడిగాను.

"నా గంపా ఆడే దిగుతాది కదా బాబూ," అంది.

నూకమ్మ ఒక్కతే వెళ్లి ఉంటే ఉత్తచేతులతో తిరిగొచ్చేది. గౌరమ్మ ఒక్కతే వెళ్లి ఉంటే ఆ జాగా మాటే పుట్టేది కాదు. ఊరి సంఘానికైనా దేశానికైనా అధ్యక్షులుగా నిలబడ్డవాళ్లను, ఎన్నేళ్ల అనుభవమని నేనిప్పుడు ముందుగా అడగను. తెలిసినవాళ్లు కూర్చోమంటే కూర్చుంటారా, ఓడిపోతే గెలిచినవాళ్ల వెంట వెళ్తారా అని చూస్తాను.