ఊడ్చిపెట్టిన దిబ్బ కోసం రాజమండ్రి ప్రయాణం

నరసాపురం దిగువన, సముద్రపు ఒడ్డున ఉన్న మా పేటలో ఆడవాళ్ళందరికీ కలిపి ఒకే ఒక్క దిబ్బ ఉంది. పడవలు తెచ్చిన నెత్తళ్ళు, సావడాలు, ఏ చేపైనా అక్కడే ఎండబెడతాం, అక్కడే మూటలు కడతాం. మా అత్త ఎండబెట్టింది, నేను ఎండబెట్టాను, ఇప్పుడు నా కోడలు సత్యవేణి ఎండబెడుతోంది. ఆ దిబ్బను కొత్త ప్లానులో ఖాళీ స్థలమని రాసి, బీచికి వచ్చే కార్లకు పార్కింగ్ చేస్తారని తెలిసిన రోజు నుంచి నాకు అన్నం సయించడం లేదు. అభ్యంతరాలు చెప్పుకోవడానికి ఇచ్చిన గడువు దగ్గర పడుతోంది. మ్యాపులు గీసే ఆఫీసు రాజమండ్రిలో ఉందన్నారు. అందుకే వెళ్ళాను. నాకు అక్షరం ముక్క రాదు. నేను చెబుతుంటే సత్యవేణి ఫోన్లో రాస్తోంది. ఒక్క మాట మార్చినా ఊరుకోనని ముందే చెప్పాను.

ఖాళీ అని ఎందుకు రాశారో కూడా చెప్పాలి. మా పట్నాన్ని స్మార్ట్ సిటీ చేస్తారట. రోడ్డు ఎక్కడ వెయ్యాలి, మురుగుకాలవ ఎక్కడ తవ్వాలి, వాన నీళ్ళు ఎక్కడ నిలుస్తాయి, అన్నీ ఉపగ్రహం తీసిన ఫోటోలు చూసి తేలుస్తారట. వేసవిలో ఇద్దరు వచ్చి దిబ్బ చుట్టూ సున్నంతో గుర్తులు వేశారు. "గురువారం పొద్దున్న పైనుంచి ఫోటో తీస్తారండి, ఇవి చెరపకండి" అని చెప్పి పోయారు. బుధవారం సాయంత్రం పేట ఆడవాళ్ళందరినీ నేనే కేకేశాను. చేపలన్నీ ఎత్తించాను. వెదురు తడికలు ఇళ్ళలో పెట్టించాను. తొక్కి తొక్కి గట్టిపడిన ఆ నేలంతా ఊడ్పించి, నీళ్ళు చల్లించి, ముగ్గులు కూడా వేయించాను. పెళ్ళిచూపులకు పిల్లను కూర్చోబెట్టినట్టు దిబ్బను కూర్చోబెట్టాం. పైనున్నది చూసి, ఇక్కడేమీ లేదని రాసుకుపోయింది.

నరసాపురం బస్టాండులో పొద్దున్న ఆరింటికి నేనూ సత్యవేణీ రాజమండ్రి ఎక్స్‌ప్రెస్ ఎక్కాం. ఆధార్ కార్డు చూపిస్తే ఆడవాళ్ళకు ఛార్జీ లేదు, కార్డు మరిచిపోకండి. పాలకొల్లు, పెనుగొండ, సిద్ధాంతం, రావులపాలెం మీదుగా మూడు గంటలు పట్టింది. నా ఒళ్ళో ఎండు సావడాల సంచి ఉంది. పాలకొల్లు దాటేసరికి కండక్టరు నా సీటు దగ్గరికొచ్చి నిలబడ్డాడు.

"మామ్మగారూ, ఆ సంచిలో ఏంటండి? బస్సంతా ఘాటెక్కిపోయింది."

"సాక్ష్యం."

"సాక్ష్యం ఇంత వాసనొస్తే జడ్జిగారు కుర్చీ వదిలేసి పారిపోతారండి!"

బస్సంతా నవ్వింది. "నవ్వండి, నవ్వండి. మధ్యాన్నం ఇంటికెళ్ళి వంకాయలో ఇదే వేసుకుని తింటారు" అన్నాను. పైకి అలా అన్నాను గానీ, సిద్ధాంతం వంతెన మీద ఎర్రనీళ్ళతో నిండుగా పోతున్న గోదావరిని చూస్తుంటే ఒకటే ఆలోచన. అక్కడికెళ్ళి ఏం చెప్పాలి? మేమే ఊడ్చుకున్నామని చెబితే ఎవరు నమ్ముతారు?

రాజమండ్రి బస్టాండు ఎదురుగా టిఫిన్ బండి దగ్గర పెసరట్టు బాగుంటుంది. నాకు మాత్రం సగం కూడా దిగలేదు. అట్లు వేసే ఆయన చూసి, "ఏ ఆసుపత్రికండి?" అని అడిగాడు.

"ఆసుపత్రి కాదు నాయనా, మ్యాపుల ఆఫీసుకి."

"అయితే తినే వెళ్ళండి. మా బావ పొద్దున్నెళ్తే సాయంత్రానికి పిలిచారు."

ఆటో ఆయన ఎనభై అడిగి అరవైకి వచ్చాడు. ఆఫీసులో మమ్మల్ని పిలిచేసరికి భోజనాల వేళ దాటింది. హారిక అనే చిన్న వయసు ఆఫీసరు కంప్యూటరు తెర మా వైపు తిప్పింది. చదునుగా, తెల్లగా మెరుస్తున్న నేల కనిపించింది. ఒక్క చేప లేదు.

"ఖాళీగానే ఉంది కదండీ" అంది ఆ పిల్ల.

"ఖాళీగా లేదమ్మా, ఖాళీ చేశాం. మీ ఇంటికి ఫోటో తీసేవాడొస్తే తడిబట్టలు తీగమీదే ఉంచుతావా?"

"ఆ మాట ఫైల్లో రాయలేనండి. ఫోటోలో ఏముందో అదే రాయాలి."

సంచి విప్పి బల్ల మీద బోర్లించాను. పక్క బల్లాయన ముక్కు మూసుకుని ఫ్యాను పెంచాడు, దాంతో వాసన పక్క గదికి కూడా పోయింది. హారిక మాత్రం ఒక చేపను చేతిలోకి తీసుకుని చూసింది. "ఎండబెట్టారని తెలుస్తోందండి. ఎక్కడ ఎండబెట్టారో ఇది చెప్పదు కదా?"

చేపలు మళ్ళీ సంచిలో వేసుకోవడం మొదలుపెట్టాను. అప్పుడు సత్యవేణి అడిగింది. "ఆ ఉపగ్రహం ఆ ఒక్క రోజే వచ్చిందాండీ?"

"ఇంత స్పష్టంగా ఉండే ఫోటో డబ్బిచ్చి కొన్నది, ఇదొక్కటేనండి. మసకవైతే ఇంకో ఉపగ్రహం నాలుగైదు రోజులకోసారి తీస్తూనే ఉంటుంది" అని, ఏమనుకుందో అవన్నీ తెరిచింది. నాకు ఒక్కటీ అర్థం కాలేదు. కొన్నిట్లో అంతా మబ్బే. హారిక చాలాసేపు ముందుకీ వెనక్కీ తిప్పింది. నేను సత్యవేణి చెయ్యి పట్టుకుని కూర్చున్నాను.

"ఇది చూడండి" అంది చివరికి. "చుట్టూ ఇసక రంగు మారడం లేదు. మీ దిబ్బ మాత్రం ఒకసారి తెల్లగా, ఒకసారి నల్లగా, మళ్ళీ తెల్లగా ఉంది. వాడని నేల ఇలా మారదండి."

"అయితే రాస్తావా?"

"ఏదో పని జరుగుతోందని రాస్తాను. అది చేపల పనేనని రాయాలంటే మనిషి వచ్చి చూడాలి. ఈ నెలలో మా టీము వస్తుంది. ఏ రోజో ముందు ఫోన్ చేయిస్తాను."

"వద్దు తల్లీ! చెప్పకుండా రమ్మను. చెబితే మావాళ్ళు మళ్ళీ ఊడ్చేస్తారు."

ఆ పిల్ల అప్పుడు నవ్వింది. అభ్యంతరం అందినట్టు ముద్ర వేసి కాగితం ఇచ్చింది. నాలుగున్నర బస్సుకి తిరుగుముఖం పట్టాం.

జొన్నాడ వంతెన మీద వాన అందుకుంది. కిటికీ మూస్తూ ఉండగా నాకు తట్టింది. ఇది వానాకాలం. ముసురు పట్టిన రోజు దిబ్బ మీద చేప ఉండదు. వాళ్ళు ఆ రోజే వస్తే?

"ఫోన్ చేసి, ఎండ కాసిన రోజు రమ్మందామా అత్తయ్యా?" అంది సత్యవేణి.

"వాళ్ళేమన్నా మన చుట్టాలా, ఎండ చూసుకుని రావడానికి?" అని కసిరాను. కసిరాను గానీ, నరసాపురం చేరేదాకా కిటికీ అద్దంలోంచి మబ్బులే చూశాను.

అప్పటి నుంచి వాన వదలడం లేదు. పడవలు ఒడ్డునే ఉన్నాయి. పొద్దున్నే టీ తాగి, తడికలు పరిచి, నెత్తిన టార్పాలిన్ కప్పుకుని దిబ్బ మీద కూర్చుంటున్నాను. మొదట నన్ను చూసి నవ్వినవాళ్ళు ఇప్పుడు వంతులు వేసుకుని నా పక్కన కూర్చుంటున్నారు. చేప కనపడకపోతే చేపల మనుషులైనా కనపడాలి కదా. బండి చప్పుడైతే చాలు, లేచి నిలబడుతున్నాం. ఇంతవరకు వచ్చినవన్నీ ఐసు బండ్లే. పైనుంచి చూసేదాని మీద నాకు కోపం లేదు. మా పేటలో నీళ్ళు నిలిచే పల్లాన్ని అది సరిగ్గానే పట్టుకుంది. అక్కడ కాలవ తవ్వితే మంచిదే. ఒక్క పొద్దున చూసిన దానితో మా బతుకు ఇంతేనని తేల్చేస్తారేమోనన్నదే నా భయం. మీ స్థలం గురించి ఇలా వెళ్ళాల్సి వస్తే, ఒక్క ఫోటో చూసి లేచి రాకండి. అది ఏ రోజు తీశారో అడగండి, మిగతా రోజులవీ తెరిపించండి. వచ్చి చూస్తామంటే మాత్రం ఎప్పుడొస్తారో చెప్పించుకోండి. నేను చెప్పించుకోలేదు.