తల్లిగారిల్లు లారీ ఎక్కిన రోజు

సిరిసిల్లలో ఇల్లు కట్టుకున్నవాళ్ళు చాలామంది ఉన్నారు. ఇంటిని మోసుకొచ్చినవాణ్ణి మాత్రం నేనొక్కణ్ణే. నక్సలైట్ల కాలంలో, పొద్దుగూకితే బస్సులు కూడా రోడ్డెక్కని రోజుల్లో, మల్లాపూర్ అవతలి పల్లె నుంచి మా మామగారి టేకు ఇంటిని విప్పి, ఒక్క చీల కూడా పోకుండా తెచ్చి ఇక్కడ నిలబెట్టాను. దారిలో పోలీసులు ఆపితే గద్దించాను. అన్నలు ఆపితే నచ్చజెప్పాను. మా వాడకట్టులో ఈ కథ నా నోట విననివాడు లేడు.

నోటికున్న ధైర్యం కలానికి లేదు. కాబట్టి మొదటి నుంచి చెప్తాను.

మా మామ గుంట మగ్గం మీద బతికిన మనిషి. ఇల్లు ఆయనదే గాని, దాని కింద నేల ఊరి దొరలది, గడీ వాళ్ళది. అన్నల భయానికి గడీ వాళ్ళు పట్నం వెళ్ళిపోతూ ఆ నేలను అమ్మేశారు. అప్పటికి మామ పోయి ఏడాది కాలేదు. కొన్నాయన మంచివాడే. వానలు పడేలోగా స్థలం ఖాళీ చేయమన్నాడు, ఇంటి కర్ర మీరే తీసుకొమ్మన్నాడు. కోరుట్ల నుంచి కలప వ్యాపారి వచ్చి దూలాలను తట్టి చూసి, కోతమిషన్‌కు పనికొస్తాయన్నాడు.

నా భార్య మామకు ఒక్కతే బిడ్డ. దర్వాజకు అడ్డంగా కూర్చుంది.

"కోసి కుర్చీలు చేస్తరా? మా నాయిన ఇంటి మీద ఎవలో కూసుంటరా? కానియ్య."

"మరేం చేద్దామే? నెత్తి మీద పెట్టుకొని పోదామా?" అన్నాను.

"పోదాం. విప్పుడు రాదా, మళ్ళ కట్టుడు రాదా? నువ్వు మొగోనివి గాదా?"

ఆ మాట తరువాత ఎవరు మాత్రం వెనక్కి తగ్గుతారు? జగిత్యాల తిరిగి తిరిగి, పాత ఇంటి కర్రేనని అటవీ ఆఫీసులో కాగితం రాయించుకున్నాను. అక్కడే వడ్రంగం చేసే ఒక వడ్లాయనను మాట్లాడుకున్నాను. ఆయన వచ్చి ఇల్లంతా చూసి, ప్రతి కీలు దగ్గర ఉలితో గంటు పెట్టుకుంటానన్నాడు. ఏ దూలం ఏ స్తంభం మీదిదో గంటు చూస్తే తెలుస్తుందట.

నేను ఒప్పుకోలేదు. మామ టేకు మీద ఉలి పడొద్దు. నేను నేత నేసే సాలోణ్ణి. పాత పడుగుకు కొత్త పడుగు పోగు పోగూ అతికేవాణ్ణి, ఇంటిని అతకలేనా? కలిసే రెండు కొసలకూ ఒకే రంగు నూలు కట్టాను. ఎర్రకు ఎర్ర, పచ్చకు పచ్చ, నీలికి నీలి.

"అన్నా, నూలును నమ్ముతవా?" అన్నాడు వడ్లాయన.

"నా జన్మంత నూలునే నమ్మిన. నీ పని నువ్వు చూస్కో" అన్నాను.

గోడలను మట్టికే వదిలేసి, కర్రను లారీకెత్తాం. వడ్లాయన అర్రల వారీగా, ఏ గది కర్రను ఆ గదికి వేరుగా, పేర్చాడు. జగిత్యాల దగ్గర పోలీసులు ఆపారు. ఇక్కడే నేను గద్దించానని చెప్పుకుంటూ వచ్చాను. నిజం ఏమిటంటే, కాగితం చేతిలో పెట్టుకుని నేను లారీలోనే కూర్చుండిపోయాను. నా భార్యే లారీ దిగింది.

"ఏందమ్మా ఈ కర్ర? ఏ అడివి కొట్టిండ్రు?"

"అడివి గాదు సారూ. మా నాయిన ఇల్లు."

"ఇల్లా? ఇల్లేడికి పోతది?"

"నేనేడికి వోతె గాడికే. అందరాడోళ్ళు తల్లిగారింటికి పోతరు. నా తల్లిగారిల్లు నా ఎంబడి అస్తున్నది."

ఆయన నవ్వాడు. నవ్వుతూనే కర్రంతా దింపించాడు, లోపల తుపాకులేమైనా ఉన్నాయేమోనని. మళ్ళీ ఎక్కించుకునేసరికి వడ్లాయన పేర్చిన వరుసంతా కలిసిపోయింది. "ఏం పర్వాలేదు, నూలున్నది" అన్నాను.

కొండగట్టు దగ్గర వాన పట్టుకుంది. కాలం కాని కాలపు వాన. సిరిసిల్లలో కర్ర దింపి చూద్దుము గదా, రంగులన్నీ కారి నూలంతా ఒకే మురికి ఊదా రంగులో ఉంది.

"అన్నా, గిప్పుడు అన్ని ఒక్క తాను గుడ్డలెక్కనే అయినయి" అన్నాడు వడ్లాయన. ఇంకా ఏమైనా అంటాడేమోనని చూశాను. బీడీ ముట్టించుకున్నాడంతే.

వాడకట్టు వాళ్ళు వచ్చి, "బావా, ఏండ్లకేండ్లు పొయ్యిలకు సరిపోతది" అని పోయారు. ఆ రోజు నేను అన్నం తినలేదు. ఆవిడ తిన్నది. తిని, కొంగు నడుముకు చుట్టుకుని కర్రల గుట్టలోకి దిగింది. ఒక్కొక్క దాన్నీ చేత్తో తడుముతూ పోయింది.

"గిదే. మా నాయిన మగ్గం కాడి స్తంభం."

పడుగును బిగించి కట్టే తాడు ఏళ్ళ తరబడి ఒరిసి, ఆ స్తంభానికి నున్నటి గాడి పడింది. నేను కూడా ఆ మగ్గం మీద నేసినవాణ్ణే, నాకు గుర్తు రాలేదు. పొగ పట్టిన వాసాలు వంటింటివన్నది. నూనె మరక ఉన్నది దీపం పెట్టే చోటిదన్నది. ఆవిడ చోటు చెప్పడం, వడ్లాయన కీలు కొలిచి చూడడం. కుదరకపోతే ఇద్దరూ వాదులాడుకోవడం. నేను తాళ్ళు పట్టుకున్నాను. నా సాంచాలు, అంటే మరమగ్గాలు, ఆపేసి, వానలు దిగేలోగా పైకప్పు పడాల్సిందేనని ముగ్గురం పట్టు పట్టాం. పడింది.

ఇక అన్నల సంగతి. వాళ్ళు మమ్మల్ని ఆపనే లేదు. ఒక పెళ్ళిలో వినేవాళ్ళు బాగా కుదిరారని ఆ ముక్క కలిపాను. బాగుందని ఉంచేశాను. ఇల్లు మాత్రం అబద్ధం కాదు. మామ ఇల్లు ఎట్లా ఉన్నదో అట్లాగే ఇక్కడ నిలబడి ఉంది.

ఇంతవరకూ రాసి ఆవిడకు చదివి వినిపించాను. బీడీల కోసం తునికాకు కత్తిరిస్తూ విన్నది. కత్తెర ఆపలేదు.

"ఎట్లున్నదో గట్లనేనా? మా నాయినింట్ల మూడు అర్రలుండె. గిది రెండర్రల ఇల్లు. నీ నూలు పాడుగాను, జాగ దొరకని కర్రంత నీ సాంచాల షెడ్డుకు దూలాలు చేస్కున్నవ్. గది గుడ రాయి."